గాసునూనె వాసన

మా ఇంట్లో డబ్బాల మీద పేర్లు రాయరు. రాసినా నిలవవు. రంగు చేతులు తగిలి రెండు రోజుల్లో అక్షరాలన్నీ అలుక్కుపోతాయి. సోడా ఏదో, తెల్లపొడి ఏదో, ఆసిడ్ ఏదో, గాసునూనె అనే కిరోసిన్ ఏదో మూత తీసి వాసన చూసి చెప్పాల్సిందే. చెప్పేది మా అత్తమ్మ. ఆమెకు చదువు రాదు గానీ ముక్కుతో చదువుతుందని మా ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ ముక్కును నమ్ముకునే, ఒక వానాకాలం మధ్యాహ్నం, నేను ఆమె ప్రాణం తీసినంత పని చేశాను.

తెలంగాణ వచ్చిన ఏడాదే నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. చౌటుప్పల్ నుంచి బండి మీద అరగంట దూరంలో మా ఊరు. పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో మా ఆయన గుంట మగ్గం, మధ్యలో వాకిలి, వాకిలికి అటుపక్క రేకుల కొట్టం. ఆ కొట్టం అత్తమ్మది. చిటికి కట్టిన పట్టునూలును, అంటే రంగు ఎక్కకూడని చోటల్లా దారంతో బిగించి కట్టిన నూలును, ఆమె అక్కడ రంగులో ముంచి తీస్తుంది. నేను నల్గొండ టౌనులో పెరిగిన పిల్లను. నూలు పట్టుకుంటే చిక్కు, రంగు పట్టుకుంటే మరక. ఆరు నెలలు చూసి అత్తమ్మే చేతులెత్తి దండం పెట్టింది. దాంతో నేను చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో డబ్బాలు సర్దే పనికి కుదిరాను.

కొట్టంలో అన్నిటికంటే విలువైంది ఆ ఇత్తడి పంపు స్టవ్. పెళ్లయిన కొత్తలో మామయ్య పట్నం నుంచి చంకలో పెట్టుకుని తెచ్చాడట. ఆయనను నేను చూడలేదు, ఫొటోలోనే చూశాను. చలికాలం పొద్దున మగ్గం గుంటలో ఆయన కాళ్లు కొయ్యబారితే, ఈమె ఈ స్టవ్ మీదే ఇసుక వేయించి, సంచిలో పోసి, ఆయన పాదాల దగ్గర పెట్టేదట. ఈ సంగతి ఆమె నాకు ఒక్కసారే చెప్పింది. చెప్పి వెంటనే నా మీద దేనికో కసురుకుంది.

కట్టెల పొయ్యి మీద పెడితే మసి రేగి పట్టు మీద పడుతుంది. మరి గ్యాస్ పొయ్యి పెట్టుకోవచ్చు గదా అని ఒకసారి సలహా ఇచ్చాను.

"గ్యాసు పొయ్యి మూగది బిడ్డా," అంది. "గిది మాట్లాడుతది. నీళ్లు ఎంత ఏడెక్కినయో గిదే చెప్తది."

నిజమే, ఆమె నీళ్లలో వేలు పెట్టి చూసేది కాదు. స్టవ్ గుర్రుమనే చప్పుడు విని, ఇంకో నాలుగు సార్లు పంపు కొట్టాలో, గాలి స్క్రూ కొంచెం వదలాలో తేల్చేది. ఆ చప్పుడు ఎక్కడ మారినా ఆమె చేయి అక్కడికి పోయేది. మంట పసుపుపచ్చగా పైకి లేచిందంటే బర్నర్ కన్నంలో మసి ఉన్నట్టు. పిన్నుతో ఒక్క పోటు పొడిస్తే మళ్లీ నీలంగా కుదురుకుంటుంది. పంపు కొట్టినా బరువు తెలియకపోతే లోపల తోలు వాషర్ ఎండినట్టు. దాన్ని తీసి ఆముదంలో నానబెట్టి, వేళ్లతో గొడుగులా విప్పి మళ్లీ ఎక్కించాలి. ఇవన్నీ నేను దూరం నుంచి చూసి నేర్చుకున్నవే. ముట్టనిచ్చేది కాదు. ఆదివారం చింతపండుతో తోమడానికి కూడా నాకు ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండేది. ఇంత ఇత్తడికి ఇంత గీర ఏమిటని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

నేను వచ్చిన కొత్తలో రేషన్ దుకాణంలో గాసునూనె ఇచ్చేవాళ్లు. నీలం రంగులో ఉండేది, ఆమడ దూరం నుంచి చూసినా పోల్చుకోవచ్చు. తర్వాత అది తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోయింది. అప్పటి నుంచి చౌటుప్పల్‌లో ఒక పెయింట్ల దుకాణం నుంచి తెల్ల గాసునూనె నేనే తెచ్చేదాన్ని. నీళ్ల లాగే ఉంటుంది. కంటికి తేడా తెలిసేది పోయి ముక్కుకే మిగిలింది. అప్పుడు ఎవరికీ ఫికర్ అనిపించలేదు. ముక్కున్న మనిషి ఇంట్లో ఉంది.

కరోనా రెండో విడతలో నేనూ అత్తమ్మా జ్వరంతో పడ్డాం. మా ఆయనకు ఏమీ కాలేదు. గడప అవతలి నుంచి గంజి గిన్నెలు తోసేవాడు. మా ఇద్దరికీ వాసన పోయింది. నాకు పది రోజుల్లో తిరిగొచ్చింది. ఎల్లిపాయ వేగుతుంటే ముక్కుకు తగిలి నేను వంటింట్లో ఎగిరినంత పని చేశాను.

"నీకొచ్చిందా అత్తమ్మా?" అని అడిగాను.

"ఎప్పుడో వచ్చింది," అంది.

నమ్మాను. నమ్మకపోవడానికి తర్వాత ఎన్ని కారణాలు కనబడ్డాయో ఇప్పుడు లెక్కపెడితే నా మీద నాకే కోపం వస్తుంది. పక్కనే కూర్చుని ఉండగా పాలు మాడిపోయాయి. పులిసిన పప్పు తీసి మా ఆయన కంచంలో వేసింది. వాకిట్లోంచే నా పోపు మాడుతుందని అరిచే మనిషి, గరిటె నా నోటి దగ్గర పెట్టి "జర చూడు, మంచిగున్నదా" అని అడగడం మొదలుపెట్టింది. నాకు పెద్దరికం ఇస్తోందని పొంగిపోయాను. పాలు మాడిన రోజు మాత్రం "ముక్కు ఎటు పెట్టినవ్ అత్తమ్మా?" అని గట్టిగానే అన్నాను. ఆమె గిన్నె తోముకుంది.

ఇక ఆ వానాకాలం సంగతి. ఒక గురువారం నా స్కూటీ ఊరి చివర ఆగిపోయింది. కిరాణా కొట్టులో నీళ్ల సీసాలో పోసి అమ్మే పెట్రోల్ కొన్నాను. సగం బండిలో పోశాను, సగం మిగిలింది. దాన్ని వంటింట్లో పెడితే గ్యాస్ పొయ్యి ఉంది, ప్రమాదం. అందుకని బుద్ధిమంతురాలిలా తీసుకెళ్లి కొట్టంలో, గూట్లో, గాసునూనె సీసాల పక్కన పెట్టాను. అత్తమ్మకు చెప్పలేదు. మర్చిపోయి కాదు. చెప్పాల్సిన అవసరం ఉందని అనిపించలేదు. మూత తీస్తే ఆమెకే తెలుస్తుంది గదా అనుకున్నాను. ఆ గూట్లో సీసాలన్నీ రంగు మరకలతో ఒక్కతీరుగానే ఉంటాయి.

శనివారం ఫ్యాక్టరీలో ఒక పూటే పని. మధ్యాహ్నం ఇంటికొచ్చి బండి ఆపి కాళ్లు కడుక్కుంటున్నాను. సన్నగా ముసురు. లోపల మగ్గం చప్పుడు. గుప్పున పెట్రోల్ వాసన.

మొదట బండినే అనుమానించాను. వంగి గొట్టం తడిమాను, ట్యాంకు మూత చూశాను. పొడిగా ఉంది. తల ఎత్తితే వాసన ఇంకా ఎక్కువైంది, అదీ కొట్టం వైపు నుంచి. గూట్లో పెట్టిన సీసా గుర్తొచ్చింది.

కొట్టంలోంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. చర్రుమని, ఆగిపోయింది. వానకు పెట్టె చెమ్మగిల్లినట్టుంది.

"అత్తమ్మా, ఆగు!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే మగ్గం దెబ్బ పడి నా అరుపు ఆమెకు అందలేదు. వాకిలి పట్టున పది అడుగులు ఉంటుంది. ఆ పది అడుగులు నేను ఎట్లా పరుగెత్తానో తెలియదు, మధ్యలో ఒకసారి జారి మోకాలి మీద పడ్డాను. రెండో పుల్ల చప్పుడు వినబడింది. అదీ అంటుకోలేదు.

గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె వీపు కనబడింది. పీట మీద కూర్చుని ఉంది. ముందు స్టవ్, స్టవ్ మీద ఇంకా రంగు కాచే గంజు పెట్టలేదు. బర్నర్ వేడెక్కడానికి దాని కింద నూనె పోసి అంటించే చిన్న గిన్నె అంచుదాకా నిండి ఉంది. పక్కన ఖాళీ సీసా, నేను పెట్టిన సీసా. మూడో పుల్లను చీర కొంగుకు రుద్ది ఆరబెట్టుకుంటోంది. తర్వాత దాన్ని పెట్టె మీద పెట్టింది.

చేతికి దొరికింది ఎర్రరంగు నీళ్ల బకెట్. ఎత్తి మొత్తం ఆమె మీద కుమ్మరించాను.

పెట్టె, పుల్లలు, స్టవ్, ఆమె తల, నులక మంచం మీద ఆరేసిన తెల్ల పట్టు కండెలు, అన్నీ ఎర్రగా తడిసిపోయాయి. ఆమె లేచి నా వైపు తిరిగింది. జుట్టులోంచి రంగు కారుతోంది.

"నీకు దిమాగ్ గిట్ల ఖరాబైందానే? గా పట్టు ఎవల సొమ్మనుకున్నవ్?"

"అది గాసునూనె కాదు అత్తమ్మా! పెట్రోల్!"

"నాకు తెల్వదా గాసునూనెంటే ఏందో? నలబై ఏండ్ల సంది పోస్తున్న."

నాకు భయం పోయి కోపం వచ్చింది. ఖాళీ సీసా తీసి ఆమె ముక్కు కింద పెట్టాను. "అయితే వాసన చూడు! చూసి చెప్పు!"

ఆమె సీసా పట్టుకుంది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చింది. ఎదురుగా నిలబడ్డ నాకే తల తిరుగుతోంది.

"గాసునూనెనే," అంది. "గింత ఘాటుగున్నది, నీకే తెలుస్తలేదు."

చెప్పి కళ్లు తెరిచి నా మొహం చూసింది. నా మొహంలో ఏం కనబడిందో గానీ, సీసా మెల్లగా కింద పెట్టేసింది. నాకు పాలు గుర్తొచ్చాయి, పప్పు గుర్తొచ్చింది, నోటి దగ్గరికి వచ్చిన గరిటె గుర్తొచ్చింది.

అప్పుడే మగ్గం ఆగింది. మా ఆయన గుంటలోంచి లేచి, వాకిలి దాటి వస్తున్నాడు. అత్తమ్మ నా చేయి పట్టుకుంది. పట్టుకుని గట్టిగా నొక్కింది. నా బతుకులో ఆమె నన్ను ఏదైనా బతిమాలిందంటే అది ఆ ఒక్కసారే.

అతను గుమ్మంలో తల్లిని చూసి నెత్తురనుకున్నాడు. "అమ్మా!" అని గాయం ఎక్కడుందోనని తల తడిమాడు.

"రంగే," అన్నాను. "నేను తెచ్చిన పెట్రోల్ కొట్టంల పెట్టిన. ఒలికింది. అంటుకుంటదేమోనని నీళ్లు పోసిన."

అబద్ధం అందులో ఒలికిందన్న ఒక్క ముక్కే. మిగతాదంతా నిజం, తప్పంతా నాదే. అతను నన్ను తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయను. అగ్గి పెట్టే జాగాలో పెట్రోల్ పెట్టే మనిషిని ఎవరైనా అట్లాగే తిడతారు. నేను తల వంచుకుని విన్నాను. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే నేను నోరు మెదపకపోవడం చూసి అతనే మధ్యలో ఆపేశాడు.

స్టవ్‌ను వాకిట్లోకి తెచ్చి, గాలి స్క్రూ వదిలి, ట్యాంకు ఖాళీ చేసి, వాషర్ దాకా విప్పి ఆరబెట్టాను. అత్తమ్మ మొదటిసారి దాన్ని నా చేతికిచ్చింది. ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఎర్రబడ్డ పట్టును ఉతుకుతూ ఉన్నాం. వదలదని ఇద్దరికీ తెలుసు.

"ఎప్పటి సంది?" అని అడిగాను.

"జరం వచ్చిన కాడి సంది."

"మరి వచ్చిందని ఎందుకు చెప్పినవ్?"

పట్టును ఒకసారి గట్టిగా పిండింది. "చెప్తే ఏమైతది? గా స్టవ్ అటక మీదికి పోతది, నేను మూలకు పోత. 'నీకు చాతనైతలేదమ్మా, కూసో' అంటడు వాడు. మంచిగనే అంటడు. కూసుంటే నేనేం జెయ్యాలె బిడ్డా?"

"ఇయ్యాల కాలిపోయేదానివి."

"గది గూడ తెలుసు."

రాత్రికి మా ఆయనతో చెప్పేస్తానని ఆమె మొహం మీదే అన్నాను. "చెప్పు," అని మొహం అటు తిప్పుకుంది. చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. అయితే ఆ తర్వాత వారం నేను ఫ్యాక్టరీలో చేసిన పని ఏమీ లేదు. టీ వేళ ఒకసారి, అన్నం వేళ ఒకసారి ఇంటికి ఫోన్ చేసేదాన్ని. ఎత్తడం ఆలస్యమైతే మళ్లీ మళ్లీ నొక్కేదాన్ని. ఎత్తి "ఏందే, ఊకె చేస్తవ్?" అని ఆమె కసిరితే ప్రాణం లేచొచ్చేది. రహస్యం ఆమెది, భయం నాది అయిపోయింది. చెబితే ఆమె మూలకు పోతుంది. చెప్పకపోతే ఏదో ఒక రోజు ఫోన్ ఎత్తదు. ఇట్లా ఎన్నాళ్లు అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇంట్లోకి పెట్రోల్ రావడం బంద్ చేశాను. గాసునూనె సీసాకు గుడ్డపేలిక కట్టాను. రెండో రోజుకే అది ఊడి తెల్లపొడి డబ్బా పక్కన దొరికింది. వేలి మీద చుక్క వేసి చూపించాను, పెట్రోలైతే చల్లగా తగిలి ఆరిపోతుంది, గాసునూనైతే జిడ్డుగా నిలుస్తుందని. ఆమె తన వేళ్లు చూపించింది. నలభై ఏళ్లు సోడా తిన్న వేళ్లు. చల్లన, వెచ్చన, జిడ్డు ఏదీ వాటికి ఎక్కదు.

చివరికి దారి ఆమే కనుక్కుంది. ఒకరోజు పొద్దున నేను బండి బయటికి తీస్తుంటే సీసా పట్టుకుని వచ్చింది. మూత తీసి నా ముక్కు ముందు పెట్టింది. చూపు మాత్రం మగ్గం గది వైపు పెట్టింది, కొడుకు చూస్తున్నాడేమోనని.

"గాసునూనెనే అత్తమ్మా."

మూత పెట్టుకుని వెళ్లిపోయింది. నేను సందు మలుపు తిరిగేలోపు స్టవ్ గుర్రుమనడం వినిపించింది. అప్పటి నుంచి అదే పద్ధతి. మొదట్లో గాసునూనె ఒక్కటే. తర్వాత ఆసిడ్ సీసా, పెరుగు గిన్నె, ఒకసారి బీరువాలోంచి మామయ్య కప్పుకున్న కంబడి. దాన్ని ఎందుకు వాసన చూపిస్తోందో నాకు అర్థం కాలేదు.

"ఇంక ఉన్నదా?" అని అడిగింది.

పొగాకు వాసన కొంచెం ఉందో, నేనే అనుకున్నానో. ఉందని చెప్పాను. మళ్లీ మడిచి లోపల పెట్టుకుంది.

ఇట్లా మూడేళ్లు గడిచాయి. పోయిన చలికాలం నాకు ముక్కు దిబ్బడ వేసింది. ఒక పెళ్లి చీర పడుగుకు ఆ రోజే రంగు పడాలి, మా ఆయన వారం నుంచి తొందరపెడుతున్నాడు. పొద్దున్నే అత్తమ్మ సీసాతో వచ్చింది. పీల్చాను. ఏమీ తెలియలేదు. మళ్లీ పీల్చాను. ఆ సీసా నిన్న నేనే తెచ్చాను, అందులో ఉన్నది గాసునూనె తప్ప ఇంకోటి కాదని నాకు తెలుసు. గాసునూనెనే అనేస్తే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ శనివారం కూడా నేను అన్నీ తెలుసనే అనుకున్నాను.

"నాకు సర్దయింది అత్తమ్మా. తెలుస్తలేదు," అన్నాను.

ఆమె మూత బిగించింది. వాకిలి దాటి పోయి సీసాను గూట్లో పెట్టి, పీట వాల్చుకుని కూర్చుంది. మగ్గం గది కిటికీలోంచి మా ఆయన అరిచాడు.

"అమ్మా, స్టవ్ అంటియ్యవా? పొద్దెక్కుతాంది!"

"కోడలికి సర్దయింది. ఇయ్యాల రంగు లేదు."

"దానికి సర్దయితే రంగెందుకు ఆగాలె?"

నేను బండి స్టాండు వేసి నిలబడ్డాను. ఏదో ఒక అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గానీ ఆమె నాకంటే ముందే మాట్లాడింది.

"నాకు వాసన తెల్వది బిడ్డా. కరోనా కాడి సంది. ఇన్నొద్దులు ఆమె ముక్కుతోటే నడిచింది."

మా ఆయన గుంటలోంచి లేచి వచ్చాడు. తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఎర్రనీళ్ల రోజు అతనికి గుర్తొచ్చిందని మొహంలోనే తెలిసిపోయింది. ఏమీ అనకుండా కొట్టంలోకి వెళ్లి స్టవ్‌ను రెండు చేతులా ఎత్తాడు. అత్తమ్మ చేయి దాని వెంట కొంచెం లేచి ఆగిపోయింది. అటక నిచ్చెన మగ్గం గదిలోనే ఉంటుంది. అతను స్టవ్ పట్టుకుని అటే నడిచాడు. నాకు ఏడుపొచ్చింది.

మగ్గం గది గడప దగ్గర ఆగి, వంగి, స్టవ్‌ను గడప బయట అరుగు మీద పెట్టాడు. గూట్లోంచి సీసా తెచ్చి, మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ట్యాంకులో పోశాడు.

"గాసునూనెనే అమ్మా. ఇగ ఇక్కన్నే అంటియ్యి," అన్నాడు. "మగ్గం మీదున్నా నాకు వాసనొస్తది."

పోయి గుంటలో కూర్చున్నాడు. అత్తమ్మ పీట తెచ్చుకుని అరుగు ముందు వేసుకుంది, అగ్గిపెట్టె నడుముకు చెక్కిన కొంగులోంచి తీసింది. మొదటి పుల్లకే అంటుకుంది.